ఒక్క ఆదివారంలో పాత జావాకి కొత్త రంగు

జులై రెండో ఆదివారం జావా వాళ్ళ పండగ. ఊరూరా జావాలూ యెజ్డీలూ ఆ రోజు పొద్దున్నే రోడ్డెక్కుతాయి. మీ తాతగారి బండి మాత్రం పెరట్లో రేకుల షెడ్డు కింద, పాత మంచం పట్టెల వెనక, టైర్లలో గాలి లేకుండా ఒరిగి ఉంది. పండగ పై ఆదివారమే. మధ్యలో ఈ ఆదివారం ఉంది కదా, అది చాలు.

అన్నిటికంటే ముందు, పెయింటరు దగ్గరికి వెళ్ళకండి. ఆటోనగర్‌లో జీవితమంతా ఇదే పని చేసిన మనిషి వచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, మడ్‌గార్డు మీద వేలి కణుపుతో తట్టి, "నెల పడుద్ది సార్" అంటాడు. రంగు కొట్టడం అరపూట పనేగా అని మీరు అడుగుతారు. "కొట్టేది అరపూటే సార్. ముందు గోకేదే నెల" అంటాడు. ఇంత తెలిసిన మనిషికి తొందరగా గోకడం తెలీకపోవడం విచిత్రం. ఆయనకో టీ ఇప్పించి పంపేసి, కంప్రెసరూ స్ప్రే గన్నూ అద్దెకి తెచ్చుకోండి.

బండి పుట్టుపూర్వోత్తరాలు కూడా తవ్వకండి. చెకోస్లొవేకియా బండిని మైసూరులో ఐడియల్ జావా వాళ్ళు 1961 నుంచి తయారుచేశారనీ, తర్వాత అదే యెజ్డీ అయిందనీ, 1996లో ఆ ఫ్యాక్టరీకి తాళం పడిందనీ తెలిస్తే మీకు ఒరిగేదేమీ లేదు. ఈ మడ్‌గార్డు పోతే ఇలాంటిది ఇంకోటి దొరకదని చెయ్యి వణుకుతుంది. వణికే చేత్తో స్ప్రే గన్ పట్టలేం.

ఇక ఊడదీయడం సంగతి. అక్కర్లేదు. ఊడదీసినదాన్ని మళ్ళీ బిగించాలి, ఆ పని మనకి రాదు. ఆదివారం అనుబంధం, ఒక టేపు చుట్ట చాలు. ఇంజన్‌కి రెండు పేజీలు, చక్రాలకి నాలుగు, సైలెన్సర్లకి క్లాసిఫైడ్స్. ఈ బండికి స్పీడోమీటరూ, తాళంచెవి పెట్టే చోటూ హెడ్‌లైటు డోములోనే ఉంటాయి కాబట్టి వాటి మీద ఒక రాజకీయ వ్యాసం చింపి అంటించండి. న్యూస్‌ప్రింటు థిన్నర్‌ని పీల్చుకుంటుందనీ, లోపలికి దిగిన తడి అక్షరాలతో సహా క్రోమ్ మీదికి దిగుతుందనీ కొందరు భయపెడతారు. దిగనివ్వండి. సైలెన్సర్ మీద వరుడు కావలెను అని కనబడితే బండికి ఒక అందం. టేపు లాగేటప్పుడు అంచు వెంబడి రంగు కూడా పెచ్చుగా లేచి వస్తుంది, గోళ్ళరంగుతో పూడ్చేయొచ్చు.

ఎంత చెప్పినా వినకుండా ఊడదీసేవాళ్ళు కొందరుంటారు. మీరూ అలాంటివారైతే ఫొటోలు మాత్రం తీయకండి. ఏ వైరు ఎటు పోయిందో, ఏ బోల్టు కింద ఎన్ని వాషర్లున్నాయో మనసులో పెట్టుకోవాలి. బోల్టులన్నీ ఒకే పెరుగు బక్కెట్లో వేయండి. మిగిలినవి ఎక్కువొచ్చినవి అనుకోవాలి.

రంగు ఎంపికలో తెలివి చూపించాలి. పాత బండ్ల పిచ్చోళ్ళు ఏం చేస్తారంటే, ట్యాంకుకి అటూ ఇటూ మోకాళ్ళు ఆనే రబ్బరు ముక్కలు పీకి వాటి కింద చూస్తారు. టూల్‌బాక్సు మూత తెరిచి లోపలివైపు టార్చి వేస్తారు. అరవై ఏళ్ళుగా ఎండ సోకని ఆ చోట్ల ఫ్యాక్టరీలో వేసిన మెరూన్ అలాగే ముదురుగా మిగిలి ఉంటుందట. ఆ మూతని పాత బట్టలో చుట్టి పెయింటు షాపుకి తీసుకెళ్ళి, ఎండలోకి తెచ్చి పక్కన పెట్టి చూసి, చుక్క నలుపు కలిపించి, చుక్క ఎరుపు కలిపించి, రేకు ముక్క మీద కొట్టించి, ఆరేదాకా అక్కడే నిలబడి మళ్ళీ పక్కన పెట్టి చూస్తారు. తడి మీద ఒకలా, ఆరాక ఒకలా ఉంటుందని వాళ్ళ వాదన. ఇంత తతంగం దేనికి? రాత్రి భోంచేశాక, బల్బు వెలుగులో, ఫోనుతో ఒక ఫొటో తీసి షాపు అబ్బాయికి పంపండి. అతని ఫోనులో ఏ రంగు కనబడితే అదే కలుపుతాడు. ఆ మిగిలిన అసలు రంగుని ముందుగా గోకి పారేయండి, రేపు ఎవరూ పక్కన పెట్టి పోల్చకుండా ఉంటారు.

అసలు ఆ మెరూనే ఎందుకు? ఆ రోజుల్లో వేసింది మెరుపు పొడి కలవని సాదా రంగు, పైన క్లియర్ కోటు కూడా లేదు. మీరు మెటాలిక్ వేసి, మీద మూడు పూతల క్లియర్ దట్టించండి. బండి రేకుతో చేసిందో ప్లాస్టిక్‌తో చేసిందో అల్లంత దూరాన ఉన్నవాడికి తెలియకూడదు. అంతకంటే మగసిరి కావాలంటే మిలిటరీ పచ్చ ఉంది. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 121వ నియమం ఆ ఆలివ్ గ్రీన్ రంగుని రక్షణ శాఖ బండ్లకి తప్ప వేయకూడదంటుంది. చౌరస్తాలో పోలీసు ఆపినప్పుడు తాతగారు సైన్యంలో చేశారని చెప్పండి. రెవెన్యూలో చేసినా సరే. ఆర్సీలో రాసిన రంగు ఒకటీ, రోడ్డు మీద కనబడే రంగు ఇంకోటీ అయితే ఆర్టీఏకి చెప్పి మార్పించుకోవాలన్నది మరో చాదస్తం. 2021 జులైలో వచ్చిన వింటేజ్ నియమాలైతే మరీను. బండికి యాభై ఏళ్ళు దాటి ఉండాలి, ఛాసిస్‌లో, బాడీలో, ఇంజన్‌లో పెద్ద మార్పులు చేయకుండా అసలు రూపంలో ఉండాలి, అప్పుడు ఇరవై వేలు కడితే వీఏ అనే అక్షరాలున్న నంబరు ఇస్తారు. ఆ నంబరుతో రోజూ కూరగాయలకి వెళ్ళడానికి కూడా వీల్లేదు. మనకెందుకా నంబరు?

ట్యాంకు పక్కల క్రోమ్ పలకలున్నాయి కదా, తుప్పు చుక్కలతో. కొత్తగా క్రోమ్ వేయించాలంటే ఖర్చు. వాటి మీద కూడా రంగు కొట్టేయండి. నున్నటి క్రోమ్ మీద రంగు నిలవదు, కొన్నాళ్ళకి పొర మొత్తం ఒకేసారి ఊడి వస్తుంది. అప్పుడు కింద క్రోమ్ ఎలాగూ ఉంటుంది. ఒకే బండికి రెండు రూపాలు.

పాత రంగు తీయడానికి సులువైన మార్గం కాస్టిక్ సోడా. పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములో వేడినీళ్ళు పోసి, సోడా గుమ్మరించి, బండి భాగాలన్నీ ఒకేసారి ముంచండి. ఇనుప రేకు భాగాలు శుభ్రంగా బయటికొస్తాయి. ఇంజన్ కవర్లు కూడా అందులోనే వేయండి. అవి అల్యూమినియం. సోడా వాటిని కొరుక్కుతింటూ బుస్సుమని నురుగు తెప్పిస్తుంది, పైకి హైడ్రోజన్ వస్తుంది. చూడ్డానికి బావుంటుంది. అరగంటయ్యాక కవర్లు నల్లగా, గుంటలు పడి వస్తాయి. ఎక్కువసేపు మర్చిపోతే బరువు కూడా తగ్గుతాయి, మైలేజీకి మంచిది.

సోడా వద్దనుకుంటే పొడిగా రుద్దడం ఒకటుంది. 80 నంబరు పేపరు తీసుకుని మొదలుపెట్టండి, అదే పేపరుతో ముగించండి. 180, 320, 400 అంటూ మెట్లు దిగేవాళ్ళకి ఓపిక ఎక్కువ. 80తో పడిన చార పైన ఎన్ని పూతలు వేసినా, ఆరాక మళ్ళీ పైకి తేలుతుంది, అది బండి వయసుకి గుర్తు. పాత రంగుల్లో, ముఖ్యంగా ఆ కాలపు ఎర్ర ప్రైమర్లలో సీసం ఉండేదనీ, పొడిగా గీకితే ఆ దుమ్ము ఇల్లంతా చేరుతుందనీ, పిల్లల మెదడుకి అది చేటు అనీ అంటారు. నీళ్ళు పోస్తూ రుద్దితే దుమ్ము లేవదు, బురదని పేపర్లో ఎత్తి పారేయొచ్చు. కానీ నీళ్ళు మోసేదెవరు? పైగా సెలవు రోజు పిల్లలు ఖాళీగానే ఉన్నారు, తలా ఒక కాగితం ముక్క ఇవ్వండి.

ఇలా గీకేటప్పుడు హ్యాండిల్ కింద మెడ గొట్టం దగ్గర కొన్ని అంకెలు చేతికి గరుగ్గా తగులుతాయి. ఛాసిస్ నంబరు. నునుపు చేసేయండి. లోతుగా ఉంటే పుట్టీ నింపండి. రేపు ఆర్టీఏలో ఇన్‌స్పెక్టరు పెన్సిలు, కాగితం తెచ్చి ఆ నంబరు అచ్చు తీసుకోబోతే అక్కడ అద్దంలాంటి మెరూన్ తప్ప ఏమీ ఉండదు. బండి దొంగిలించింది కాదని రుజువు చేసుకునే అవకాశం ఎంతమందికి వస్తుంది?

ట్యాంకు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం, సాహసం చూపించాల్సింది ఇక్కడే. జావా ట్యాంకులో పెట్రోలుతో పాటు ఆయిలు కలిపి పోసేవారు. ఏళ్ళ తరబడి ఆ ఆయిలు అడుగున జిగురు కట్టి ఉంటుంది, దాని కింద తుప్పు, ఆ తుప్పు కింద గుండుసూది మొనంత కన్నాలు. బుద్ధిమంతులు ముందు సబ్బునీళ్ళతో కడిగి జిగురు వదిలించి, తర్వాత చింతపండు పులుసో, వెనిగరో నింపి నాననిచ్చి, గుప్పెడు నట్లు వేసి ఊపి, తుప్పునీళ్ళు పారబోసి, బాగా కడిగి, వెంటనే ఆరబెట్టి ఆయిలు పూస్తారు. ఆరబెట్టడం అరగంట ఆలస్యమైతే లోపల మళ్ళీ ఎర్రబారుతుంది కాబట్టి హడావిడి పడతారు. మీరు హడావిడి పడకండి. లోపల ఎవరికీ కనబడదు. తుప్పు పెచ్చులు కార్బురేటర్లోకి దిగి బండి నడిరోడ్డు మీద ఆగినప్పుడు చూసుకుందాం.

కన్నాలకి బయటి నుంచి పుట్టీ పెట్టి పూడ్చండి. పెట్రోలు లోపలి నుంచి నెమ్మదిగా చెమర్చి పుట్టీ అంచు కింద పాకుతుంది, పైన రంగు బుడగలా లేస్తుంది. మొదట్లో ఒకే ఒక బుడగ. దాన్ని ఎవరన్నా చూపిస్తే దోమ కుట్టిందనండి.

లేదా వెల్డింగ్ చేయించండి. మామూలు షాపువాడు ట్యాంకు ముక్కు దగ్గర పెట్టి వాసన చూసి, "నీళ్ళతో నింపి తీసుకురండి, రెండు మూడుసార్లు కడిగి తీసుకురండి" అని సతాయిస్తాడు. నిండా పెట్రోలున్న ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకు ప్రమాదమని వాడి భయం. అందులో పెట్రోలు లేదు, ఆవిరి ఉంది. గాలిలో ఆ ఆవిరి నూటికి ఒకటిన్నర పాలు దాటి ఏడున్నర పాళ్ళ లోపు ఉంటే నిప్పురవ్వ తగలడమే తరువాయి. ఆరు నెలల కింద ఖాళీ చేసిన ట్యాంకులోనూ అడుగు జిగురు నుంచి అది లేస్తూనే ఉంటుంది. వెల్డింగ్ షాపుల్లో ట్యాంకులు పేలి మనుషులు పోయిన వార్తలు జిల్లా ఎడిషన్లో మనం చదివే ఉంటాం. అయినా ఇవన్నీ వేరేవాళ్ళకి జరిగేవి. మీరు ట్యాంకుని ఒకసారి తలకిందులు చేసి, చుక్క రాలేదని చూపించి, వాడు ఇంకా నసుగుతుంటే పక్క షాపుకి వెళ్ళండి. మీరు మాత్రం ఎదురుగా ఉన్న టీకొట్టు దగ్గర నిలబడండి, దూరంగా.

పౌడర్ కోటింగ్ చేయించమని మీ బావమరిది సలహా ఇస్తాడు. ఛాసిస్‌కి నిజానికి గట్టిదే, మీరు ట్యాంకు కూడా ఇచ్చి పంపండి. భట్టీలో 180, 200 డిగ్రీల వేడి పెడతారు. ఎప్పుడో ఏ మేస్త్రీయో సొట్టకి వేసిన టంకం ఆ వేడికి కరిగి కారి, భట్టీ నేల మీద చిన్న వెండి మడుగు కడుతుంది.

ఇప్పుడు పుట్టీ. టింకరింగ్ మేస్త్రీ అయితే సొట్టని లోపలి నుంచి తట్టి, రేకుని దాదాపు సమం చేసి, మిగిలిన వెంట్రుకవాసి తేడాకి మాత్రమే పుట్టీ పెడతాడు. మీరు సుత్తి జోలికి పోకండి. సొట్ట ఎంత లోతో పుట్టీ అంత మందం. హార్డెనరు బఠాణీ గింజంత అని డబ్బా మీద ఉంటుంది, మీరు ట్యూబు సగం పిండండి. అట్లకాడతో కలుపుతుండగానే డబ్బా మూత వేడెక్కి, గడ్డకట్టి, అట్లకాడ నిలువునా నిలబడిపోతుంది. రెండోసారి కొంచెం తగ్గించండి. ఎక్కువైన హార్డెనరు మరకలు లేత రంగుల్లోంచి తర్వాత పైకొస్తాయి. మడ్‌గార్డు అదిరినప్పుడల్లా మందపు పుట్టీ సన్నగా బీట వేస్తుంది, వానాకాలం ఆ బీటలోంచి నీళ్ళు తాగుతుంది.

అదే పెయింటరు పుట్టీ తర్వాత ఏం చేస్తాడో చూస్తే నవ్వొస్తుంది. పుట్టీ మీద కొట్టిన సర్ఫేసర్ పూత ఆరాక దాని మీద నల్లరంగు పలచగా చల్లుతాడు. చెక్కముక్కకి 400 వాటర్ పేపరు చుట్టి, మగ్గుతో నీళ్ళు పోస్తూ ఏటవాలుగా రుద్దుతాడు. ఎత్తున్న చోట నలుపు పోతుంది, పల్లంలో నిలుస్తుంది. ట్యాంకు నెత్తి మీద రూపాయి బిళ్ళంత మచ్చ ఒకటి మిగిలిందంటే మళ్ళీ అక్కడ పుట్టీ, మళ్ళీ సర్ఫేసర్, మళ్ళీ నలుపు. చివర్న పేపరు పక్కన పడేసి, కళ్ళు మూసుకుని, తడి అరచెయ్యి ట్యాంకు మీద ముందు నుంచి వెనక్కి నెమ్మదిగా జారుస్తాడు. చెయ్యి ఆగిన చోట ఏముందో మనకి కనబడదు. ఆయన బొటనవేలితో అక్కడే ఒక గుర్తు పెడతాడు. ఈ లోపు మీరైతే రెండు పూతలు కొట్టేసి స్నానం కూడా చేసి ఉండేవారు. చెక్కముక్క లేకుండా వేళ్ళతో రుద్దండి. వేళ్ళ మధ్య సందులు ఉండే చోట గట్లూ, వేళ్ళు ఆనే చోట కాలువలూ పడతాయి. మెరుపు రంగు పడ్డాక ట్యూబులైటు నీడ ఆ కాలువల మీద వంకర్లు పోతుంటే చూడండి.

ప్రైమర్ ఎలాగూ కనబడదు కాబట్టి మానేయొచ్చు. మనసొప్పకపోతే ఇంటి గేటుకి కొట్టగా మిగిలిన రెడ్ ఆక్సైడ్ ఉంటుంది, బ్రష్‌తో పూయండి. గీకిన ఇనుముని రాత్రంతా బయట ఉంచి, తెల్లారి వేలితో ముట్టుకుని చూడండి. తలకి రాసుకున్న కొబ్బరినూనె చేత్తో ముట్టుకుంటే ఇంకా మేలు, రంగు అక్కడ విడిపోయి చిన్న చిన్న గుంటకళ్ళు పడతాయి. కారు డ్యాష్‌బోర్డుకి కొట్టే సిలికాన్ పాలిష్ పక్కన ఎవరన్నా వాడుతున్నా అదే వరం లభిస్తుంది.

కొట్టే చోటు డాబా. గాలి బాగా ఆడుతుంది, అదే కావాలి. స్ప్రే గన్ నుంచి వచ్చే రంగులో బండి మీద పడేదెంతో, గాలిలో పోయేదీ తక్కువేం కాదు. అది పిట్టగోడ దాటి వెళ్ళి ఎదురింటాయన కొత్త తెల్లకారు మీద సన్నగా వాలుతుంది. చూపుకి తెలియదు, చేత్తో నిమిరితే గరగరలాడుతుంది. పక్కింటి పిన్నిగారు వాన లేదని ఆ వేళే గుమ్మడి వడియాలు పెట్టారు. ఆవిడ పైకి వచ్చి, "ఏం నాయనా, వడియాలకి కారం నువ్వు కలుపుతున్నావా?" అని అడిగితే నవ్వి ఊరుకోండి.

డాబా కుదరకపోతే తలుపులు బిడాయించిన గది. దుమ్ము రాకుండా నేల తడపడం మేస్త్రీల అలవాటు, మీరు ఫ్యాను పెట్టండి. థిన్నర్ ఆవిరి నిండిన గదికి పక్కనే పూజగది, అందులో దీపం. ఇంకో పక్క గ్యాస్ గీజరు. ఇదంతా వాస్తు ప్రకారం కట్టిన ఇల్లే కదా అని ధైర్యంగా ఉండండి.

ముక్కుకి కర్చీఫ్ చాలు. పీయూ, అంటే పాలీయురేథేన్ రంగుల హార్డెనర్లో ఐసోసయనేట్లు అనే పదార్థాలుంటాయి. వాటి వాసన మనకి తెలిసే లోపే ప్రమాదం మొదలై ఉంటుంది, గుడ్డ మాస్కూ దుమ్ము మాస్కూ వాటిని ఆపవు. పెద్ద వర్క్‌షాపుల్లో బయటి నుంచి గొట్టంతో శుభ్రమైన గాలి వచ్చే ముసుగు పెట్టుకుంటారు. ఒకసారి ఊపిరితిత్తులకి పడకుండా పోతే ఆ తర్వాత రవ్వంత సోకినా ఆయాసం పట్టుకుంటుంది, వృత్తే మానుకోవాల్సి వచ్చిన పెయింటర్లున్నారు. ఆటోనగర్‌లో ఆ వయసువాళ్ళు మెట్లెక్కుతూ మధ్యలో ఆగడం మీరు చూసే ఉంటారు. హార్డెనర్ కలిపిన రంగు షాపుకే వదిలేసి ఇంట్లో ప్రైమర్ వరకే చేసుకోవడం తెలివి అనేవాళ్ళ మాట వినకండి. కర్చీఫ్ తెల్లటిదైతే తర్వాత ఎంత మెరూన్ పీల్చారో లెక్క తెలుస్తుంది.

పీయూ కాకుండా పాతకాలపు ఎన్‌సీ, అంటే నైట్రోసెల్యులోజ్ రంగు తెచ్చారా? జులై వాన దానికి సరిగ్గా సరిపోతుంది. థిన్నర్ వేగంగా ఆరుతూ రేకుని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ ఆ చల్లదనానికి రంగు మీదే చెమ్మగా దిగి, కొట్టిన నిమిషాల్లో మెరూన్ మీద తెల్లటి పొగమంచు పరుచుకుంటుంది. మేస్త్రీలు అలాంటి రోజున గన్ ముట్టుకోరు, తప్పకపోతే నెమ్మదిగా ఆరే రిటార్డర్ థిన్నర్ కలుపుతారు. కంప్రెసర్ అడుగున చేరిన నీళ్ళని కుళాయి తిప్పి వదిలేసి గానీ మొదలుపెట్టరు. మీరు కుళాయి తిప్పకండి. మధ్యమధ్యలో గన్ ఉమ్మినట్టు నీటిచుక్కలు కక్కుతుంటే వాన బండికి శుభమని పెద్దలంటారని చెప్పండి.

కలపడం కంటి అంచనాతో. రెండు పాళ్ళకి ఒకటా, నాలుగుకి ఒకటా అని డబ్బా మీద అచ్చువేసి ఉంటుంది, కళ్ళజోడు వెతుక్కోవద్దు. హార్డెనరు తగ్గితే రంగు ఎప్పటికీ మెత్తగా ఉంటుంది, కూర్చున్నప్పుడు ప్యాంటు గుర్తు కూడా పట్టుకుంటుంది. గన్‌ని జానెడు దూరంలో, రేకుకి తిన్నగా, మణికట్టు తిప్పకుండా చెయ్యంతా కదుపుతూ, ఒక చార సగం మీద ఇంకో చార పడేలా, పలచగా మూడు పూతలు వేయాలన్నది పద్ధతి. మధ్యలో పూతకీ పూతకీ ఆగాలి. ఆదివారం సాయంత్రానికి ఆగే టైమెక్కడుంది? మూడు పూతలూ కలిపి ఒకే పూతగా, దగ్గర్నుంచి కొట్టండి. మడ్‌గార్డు కింది అంచున రంగు బొట్లు కట్టి వేలాడుతుంది. దూరం నుంచి కొడితే రంగు దారిలోనే సగం ఆరి నారింజ తొక్కలా గరుగ్గా పడుతుంది. ఒక పక్క దగ్గర్నుంచీ, ఒక పక్క దూరం నుంచీ కొట్టి మీకేది నచ్చిందో చూసుకోవచ్చు. గీకకుండా వదిలేసిన పాత ఎనామిల్ మీద కొత్త థిన్నర్ పడ్డ చోట కింది పొర ఉబ్బి, కాగిన పాల మీద మీగడ ముడతలు పడినట్టు రంగంతా దగ్గరికి ముడుచుకుంటుంది. ఆ డిజైన్ కావాలని వేయించుకున్నామని చెప్పుకోవాలి. చీకటి పడితే ట్యూబులైటు వేయండి. ఉసిళ్ళు వచ్చి వాలతాయి. వాటిని చేత్తో తీయబోవద్దు, కాళ్ళు అక్కడే ఉండిపోతాయి.

ట్యాంకు మీద బంగారు గీతలు మిగిలాయి. మద్రాసు తిరువొత్తియూర్ ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీలో బుల్లెట్ ట్యాంకుల మీద ఈ గీతల్ని మనుషులు చేత్తోనే, ఊపిరి బిగబట్టి, ఒక్క లాగుడులో గీసేవారు. మీకు అంత ఊపిరి ఎక్కడిది, ఇందాకే చాలా ఖర్చయింది. స్టిక్కరు టేపు అంటించండి.

సోమవారం పొద్దున్నే పెట్రోలు పోయండి. రంగు ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది, లోపల పూర్తిగా గట్టిపడటానికి రోజులు పడుతుందని ఎవరన్నా అంటే నవ్వండి. ఎన్‌సీ రంగు అయితే ఎన్నాళ్ళు ఆరినా పెట్రోలు చుక్కకి కరుగుతుంది. బంకులో అబ్బాయి గన్ బయటికి లాగేటప్పుడు మూతి దగ్గర రెండు చుక్కలు ఒలుకుతాయి, అతను పాత గుడ్డతో తుడుస్తాడు, గుడ్డ మెరూన్ అవుతుంది. తర్వాత కిక్కు కొట్టండి. ఈ బండికి కిక్ రాడ్డే గేర్ రాడ్డు కూడా, కాబట్టి కొత్త రంగు మీద బూటు రెండు విధాలా పనిచేస్తుంది. హారన్ మోగకపోయినా, హెడ్‌లైటు మిణుకుమిణుకుమన్నా కంగారుపడకండి. ఎర్త్ వైరు బిగించే చోటా, బ్రాకెట్ల కిందా, బోల్టు మరల్లో కూడా మీరు శ్రద్ధగా రంగు కొట్టారు. ఆరు ఓల్టుల బ్యాటరీ అంత మందం రంగు దాటి రాలేదు. అక్కడ రంగు గీకి ఇనుము బయటపెడితే లైటు వెలుగుతుంది, కానీ గీకడానికి మీకు మనసు రాదు.

ఇంత చేశాక పండగకి వెళ్ళినా వెళ్ళకపోయినా, బండి అమ్మకానికి పెట్టడం ఉత్తమం. ఫుల్లీ రిస్టోర్డ్, ఒరిజినల్ పెయింట్ అని రెండూ ఒకే వాక్యంలో రాయండి. ఫొటోలు సాయంత్రం ఆరింటికి, కుడివైపు నుంచి, కాస్త దూరంగా. కొనేవాడు వచ్చి బండి చుట్టూ తిరిగి, మడ్‌గార్డు మీద వేలి కణుపుతో తడితే దబ్‌దబ్ అని మట్టి చప్పుడు వస్తుంది, గట్టి రేకు అని చెప్పండి. జేబులోంచి ఫ్రిజ్ మీద అంటించే చిన్న అయస్కాంతం తీసి ట్యాంకు వైపు వంగాడంటే మాత్రం ఆలస్యం చేయకండి. పుట్టీ మందంగా ఉన్న చోట అది నిలవదు, జారి కింద పడుతుంది. "ముందు టిఫిను చేయండి అన్నయ్యగారూ" అని భుజం మీద చెయ్యేసి లోపలికి తీసుకెళ్ళండి. పెసరట్టు పెట్టించండి, ఉప్మాతో.